నావకు తడి తగలరాదు

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నా దగ్గరకు అరవై దాటాక వచ్చాయి. వచ్చినవి కూడా ఇప్పటికీ పూర్తిగా నా మాట వినవు. ఒత్తు ఎక్కడైనా జారితే మీరే సర్దుకుని చదువుకోండి. ఈ కథ జరగడానికి నలభై రోజులు పట్టింది, రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొగదరిపాలెంలో సూరాడ బందయ్యకు ఒక కర్రనావ ఉంది. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్లు మొగ అంటారు. ఆ మొగ పక్కనే ఊరు. ఇంజన్లు బిగించిన ఫైబర్ బోట్లు ఊళ్లో ఎనభై దాకా ఉన్నాయి గాని, కర్రనావ మాత్రం బందయ్యది ఒక్కటే. అది లేకపోతే పెద్దవల లేదు. పెద్దవల అంటే, ఒక కొస ఒడ్డున ఉంచి, వలంతా నావలో వేసుకుని సముద్రంలో చుట్టుతిప్పి తెచ్చి, రెండు కొసలూ పట్టుకుని నలభైమంది ఒడ్డుకు లాగే వల. బోటెక్కి దూరం పోలేని ముసలివాళ్లు, మొగుడు పోయిన ఆడవాళ్లు, నడుం పడిపోయినవాళ్లు ఎవరైనా వచ్చి ఆ తాడు పట్టుకోవచ్చు. తాడు పట్టినవాళ్లకు చేపల్లో వాటా. పద్దెనిమిది ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ తాడు మీదే.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. ఆ రెండు నెలలూ నావను ఒడ్డుకు లాగి, కొబ్బరాకుల పాక కింద పెట్టి, బందయ్య పెళ్లాం కాసులు రోజూ పొద్దున్నే నాలుగు బిందెల సముద్రపు నీళ్లు దాని మీద పోస్తుంది. కర్రనావకు దాహం ఎక్కువ. నీళ్లు తాగినంతకాలం పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎండితే ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లాగా విడిపోతాయి. జూన్ పదిహేనున నిషేధం పోతుంది. ఆ రోజు తెల్లవారేసరికి నావ నీళ్ల మీద ఉండాలి.

ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం వారికి మొగదరిపాలెంలో తీర నౌకోత్సవం జరపాలని బుద్ధి పుట్టింది. దానికి పరాంకుశం గారిని ప్రత్యేకాధికారిగా వేశారు. అంతకుముందు ఆయన మామిడిపండ్ల పండుగ చక్కగా జరిపించారట. మామిడిపండ్లు నిలబెట్టినవాడు పడవలు నిలబెట్టలేడా అని పైవాళ్లు అనుకుని ఉంటారు. ఆయన పొట్టిగా, శుభ్రంగా, ఎప్పుడూ ఇస్త్రీ నలగకుండా ఉండే మనిషి. ఇసుకలో నడవవలసి వచ్చినప్పుడు ముందు ఒకరు చాప పరుస్తూ పోయేవారు.

ఉత్సవంలో భాగంగా సాగర కళా ప్రదర్శన అని ఒకటి పెట్టారు. ఇసుకలో రేకుల షెడ్డు వేసి, పట్నం నుంచి చిత్రకారుల బొమ్మలు తెచ్చి తగిలించారు. బందయ్య లోపలికి పోయి అన్నీ చూశాడు. ఒక బొమ్మలో ఒకడు గాలికి ఎదురుగా నిలబడి వల విసురుతున్నాడు. బందయ్య దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. బాగుందా అని పక్కనున్నాయన అడిగితే, బాగుంది గాని ఈపాటికి ఆ వల వాడి మొహానికే చుట్టుకుని ఉంటుందని చెప్పాడు.

ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా డాక్టర్ చిత్రభాను గారు వచ్చారు. కళల్లో పెద్ద పండితుడు. షెడ్డులోని పదహారు బొమ్మలూ చూసి, ఒక్కటీ నచ్చక, ఉక్కపోతకు బయటికి వచ్చి, పక్క పాక కింద నావను చూసి ఆగిపోయారు. బందయ్య అప్పుడే దాని సందుల్లో జనపనార కూరి, పైన డామరు పూస్తున్నాడు. ఒక పక్క పూయడం అయింది, ఇంకో పక్క సగంలో ఉంది. చిత్రభాను గారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. నలుపు ఎక్కడ ఆగాలో ఈ చేతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అన్నారు. నలుపు ఆగింది డామరు అయిపోయినందువల్ల. ఆ మాట చెబుదామని బందయ్య నోరు తెరిచేలోగా మెడలో దండ పడింది.

సాయంత్రానికి నావకు పదిహేడో నంబరు కాగితం అంటించారు. మొదటి బహుమతి దానికే. బందయ్య ఒక పత్రం మీద వేలిముద్ర వేశాడు. నావ మూడు రోజులు ప్రదర్శనలో ఉంటుందని పరాంకుశం గారు చెప్పారు.

కాసులు నెత్తిమీద బిందె దించకుండానే అడిగింది: "మీ లెక్కలో మూడ్రోజులంటే ఎన్ని రోజులు బావూ?"

ఆడవాళ్ల ప్రశ్నలకు జవాబిచ్చే నిబంధన ఆయన దగ్గర లేదు కాబోలు, చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు.

నిబంధనల పుస్తకం మర్నాడు వచ్చింది. పట్నంలో తాళపత్రాలూ కాగితం బొమ్మలూ భద్రపరిచే చోట రాసిన పుస్తకం అది. అందులో తొమ్మిదో నిబంధన ఇలా ఉంది: ప్రదర్శనాంశములకు ఏ విధమైన తడియు తగలరాదు. పరాంకుశం గారు దాన్ని మూడుసార్లు చదివారు. నావలకు మినహాయింపు అని ఎక్కడా లేదు. పైగా ఉత్సవంలో పాల్గొనే నావలన్నీ సాగర కళా ప్రదర్శనలో భాగమేనని ఆహ్వానపత్రికలో ఆయనే అచ్చు వేయించారు. కాబట్టి ఉత్సవం జరిగినన్నాళ్లు ఒక్క పడవ కూడా నీళ్లలో దిగకూడదు.

ఆ మర్నాడు పడవల పందెం ఉంది. ఊరివాళ్లు వెళ్లి ఎలాగండీ అని అడిగితే ఆయన తొణకలేదు.

"పందెము యథావిధిగా జరుగును. నీటి విషయంలో మాత్రమే ప్రత్యామ్నాయ ఏర్పాటు చేయబడినది" అన్నారు.

ఆ ఏర్పాటు ట్రాక్టర్లు. ఆరు పడవలను ఆరు ట్రాక్టర్ల వెనక తొట్టెల్లోకి ఎక్కించారు. ఒక్కో పడవలో ఆరుగురు కూర్చుని తెడ్లు పట్టుకున్నారు. పందెం చూడవచ్చిన మంత్రి గారు పచ్చజెండా ఊపగానే ట్రాక్టర్లు ఒడ్డమ్మట పరుగెత్తాయి, పడవల్లోవాళ్లు గాలిలో తెడ్లు వేశారు. తెడ్డు వేయనివారు అనర్హులని ముందే మైకులో చెప్పారు. పది గజాల దూరంలో సముద్రం ఎవరూ పిలవని చుట్టంలా నిలబడి చూసింది. బందయ్య నావ మూడో స్థానంలో వచ్చింది. మొదటి బహుమతి వచ్చిన పడవవాళ్లు కప్పు తీసుకోబోతే, అది నాకు రావాలని ట్రాక్టరు డ్రైవరు అడ్డం పడ్డాడు. న్యాయంగా చూస్తే వాడిదే నిజం.

ఆ సాయంత్రం చిత్రభాను గారు ఒక బొమ్మను వేలితో తాకి నాలుకకు రాసుకున్నారు. ఉప్పగా ఉంది. సముద్రపు గాలిలో తడి ఉందని, తొమ్మిదో నిబంధన అక్కడ కూడా భంగమవుతున్నదని తేలింది. రాత్రికి రాత్రి ప్రదర్శనకూ సముద్రానికీ మధ్య రెండు నిలువుల ఎత్తు టార్పాలిన్ గోడ లేచింది. మర్నాడు పట్నం నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లు సముద్రం ఏదని అడగడం మొదలుపెట్టారు. ప్రజల కోరికను మన్నించి పరాంకుశం గారు టార్పాలిన్‌కు ఈవైపు సముద్రం బొమ్మ ఒకటి, ఇరవై అడుగులది, గీయించి తగిలించారు. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. అలల చప్పుడు మాత్రం గోడ అవతలి నుంచి నిజంగానే వినబడుతుండేది. ఏర్పాట్లు ఎంత బాగా చేశారో అని అందరూ మెచ్చుకున్నారు.

మూడు రోజులు అయిపోయాయి. షామియానాలు విప్పారు. ఫైబర్ బోట్లు కళ కావు, కర్మాగారం సరుకు అని చిత్రభాను గారు తేల్చడంతో ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. బందయ్య కూడా తాడు తీసుకుని వెళ్లాడు. నావ చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది. అప్పలకొండ అనే హోంగార్డు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ప్రజాభీష్టం మేరకు ప్రదర్శన తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పొడిగించబడినదని బోర్డు వేలాడుతోంది. కొబ్బరాకుల పాక కళాఖండానికి వెలుతురు రాకుండా అడ్డం వస్తున్నదని పీకించేశారు. మే నెల ఎండ నిటారుగా నావ మీద పడుతోంది.

పదో రోజుకు మొదటి పలక విచ్చుకుంది.

కాసులు ఆ మర్నాడు పొద్దున్నే ఉత్సవానికి ముందులాగే బిందెతో వచ్చింది. అప్పలకొండ అడ్డం నిలబడ్డాడు. వాడిది మెట్ట ఊరు, పొట్టకూటికి వచ్చి ఇక్కడ పడ్డాడు. నీళ్లు పోస్తే తన ఉద్యోగం పోతుందని బతిమాలాడు. కాసులు బిందె దించి, వాడి ఊరేదో, పెళ్లామెవరో, పిల్లలెందరో అన్నీ కనుక్కుంది. కనుక్కుని, వాడు చిన్నకూతురు గురించి చెబుతూ ఉండగానే బిందె ఎత్తి నావ మీద గుమ్మరించింది. మూడు రోజులు ఇలాగే జరిగింది. నాలుగో రోజు నోటీసు వచ్చింది. ప్రదర్శనాంశము సంఖ్య పదిహేడును సూరాడ కాసులమ్మ అను ఆమె ఉద్దేశపూర్వకముగా తడిపినట్లు ఫిర్యాదు అందినది, ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను అని ఉంది. అప్పలకొండే చదివి వినిపించాడు.

కాసులు సంజాయిషీ కూడా వాడిచేతే రాయించింది. "రాయి నాయనా. నావకి నీళ్లోసినాను. రేపు కూడా పోస్తాను. మీ ఇంటి కుండీలో తులసిచెట్టుకి మీరు పోత్తే నానేటైనా అన్నానా. అంతే."

ఆ మర్నాటి నుంచి హోంగార్డులు ఇద్దరయ్యారు. రెండోవాడికి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, మాట కలిపే దారి లేదు.

జూన్ వచ్చేసరికి పలకల సందుల్లోంచి ఇవతలి మనిషికి అవతలి మనిషి కనిపిస్తున్నాడు. చిత్రభాను గారు వచ్చి చూసి కదలలేకపోయారు. ఈ పగుళ్లు కాలం చేసిన సంతకాలని అన్నారు. నావ కింద కొత్త కాగితం అంటించారు. మూడు తరాల కిందటి నావ, పూర్వీకుల చేతిపని చెక్కుచెదరకుండా నిలిచినది అని అందులో రాశారు. ఆ కాగితం పట్నంలో ఎవరి కంట్లోనో పడింది. జూన్ పన్నెండో తేదీకల్లా నావను పట్నం మ్యూజియానికి తరలించి, తడి లేని అద్దాల గదిలో శాశ్వతంగా ఉంచాలని ఆజ్ఞ వచ్చింది.

బందయ్య పరాంకుశం గారి దగ్గరకు వెళ్లాడు. పద్దెనిమిది ఇళ్ల సంగతి చెప్పాడు. ఒంటికాలి దాలయ్య, మొగుడు పోయిన పైడమ్మ, ఆమె అత్త, ఇలా తాడు పట్టేవాళ్ల పేర్లన్నీ చెప్పాడు. పరాంకుశం గారు చెడ్డవారు కాదు. ఆఖరు పేరు దాకా విన్నారు. విని, కళ్లు మూసుకుని ఆలోచించారు.

"మీ గ్రామమునకు లభించిన గౌరవమును మీరు సరిగా అర్థము చేసుకొనవలెను బందయ్యా" అన్నారు. "వలలాగే కార్యక్రమమును సైతము కళారూపముగా నమోదు చేయుటకు ప్రతిపాదనలు పంపెదను. అప్పుడు మీరందరూ అక్కడనే, అద్దాల గదిలో, ప్రతి దినమూ పది నుండి ఐదు వరకు తాడు లాగవచ్చును."

"సేపలో బావూ?"

"చేపలు తడి వస్తువులు. వీలుపడదు."

బందయ్య ఇంటికి వచ్చి గోడకు జేరబడి కూర్చున్నాడు. ఊళ్లో పెద్దలు కొందరు ఫైబర్ బోటు పెట్టి పెద్దవల వేసుకోండని సలహా చెప్పారు. ఇంతకుముందు పక్క ఊరివాళ్లు అలా చేయబోతే ఇంజను పంకాకు వల చుట్టుకుని ముక్కలైంది. కాసులు చేపలు కోసే కత్తిపీట ముందుకు వెళ్లి కూర్చుంది. కోయడానికి చేపలు లేవు.

తరలించే ముందు ఒక పని మిగిలింది. మ్యూజియం వారికి మూల వివరాల పత్రం కావాలి. నావ ఎవరు చేశారు, ఏ చెక్క, ఏ ఏడు, ఇలాంటివన్నీ. జూన్ తొమ్మిదిన పరాంకుశం గారు, చిత్రభాను గారు, రాసుకునే గుమాస్తా వచ్చి నావ ముందు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఊరంతా చుట్టూ మూగింది.

బందయ్యకు ఒక గొప్ప ఉంది. ఊళ్లో ఎవరు అడిగినా అది మా తాత నావ అంటాడు. ఊరు కూడా తాతనావ అనే అంటుంది. ఆ పండితులు ముగ్గురూ తన తాత గురించి అడుగుతుంటే అతని రొమ్ము కొంచెం పొంగింది. తాత పేరు ఎర్రయ్య అని, పెద్ద తుఫాను వచ్చిన ఏడు కట్టాడని, మామిడి చెక్క అని చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. చిత్రభాను గారు నావ అడుగుపలకను అరచేత్తో నిమిరి, ఇది ఎర్రయ్య చెయ్యి కదా అన్నారు.

బందయ్య అవునని తలూపబోయాడు. కాసులు పక్కనుంచి నెమ్మదిగా అంది: "మావా, ఆ పలక మన బుజ్జమ్మ పెళ్లప్పుడు మార్సినాం."

చిత్రభాను గారి చెయ్యి ఆగిపోయింది. సరే, ఈ పక్కది చెప్పండన్నారు. బందయ్య పెళ్లాం మొహం చూశాడు. ఆమె ఒంటికాలి దాలయ్య వైపు ఒక్కసారి చూసింది. బందయ్యకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. అలాగని ఇంతవరకు ఎవరూ అతన్ని ఒక్కో పలకా అడగనూ లేదు.

"అది మొన్న గాలివాన తరవాత" అన్నాడు.

ఆ తర్వాత అతను ఒక్కొక్క పలకా తాకుతూ నావ చుట్టూ తిరిగాడు. ప్రతి ఏడూ నిషేధం రోజుల్లో రెండు పాత పలకలు తీసి రెండు కొత్తవి వేయడం వాళ్ల పద్ధతి. ఇది నాన్న ఉన్నప్పుడు వేసింది. ఇది నాన్న పోయిన ఏడు. ఈ రెండూ వేప, మామిడి దొరకలేదు. మూతిపలక నిరుడే. మేకులు పాతవా అని చిత్రభాను గారు ఆశగా అడిగారు. మేకులు మూడేళ్లకోసారి మారుస్తారు, తుప్పు పడతాయి. తెడ్లు? తెడ్లకు లెక్కే లేదు. ఒక చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి, తాత చెయ్యి తగిలిన చెక్క ఒక్కటి కూడా మిగలలేదని ఊరితో పాటు అతనికీ అప్పుడే తెలిసింది.

"మరి ఇందులో మీ తాతగారిది ఏమున్నది?" అన్నారు చిత్రభాను గారు.

బందయ్య నావకేసి చూశాడు.

"కట్టే తీరు బావూ" అన్నాడు. "అది మార్సలేదు."

తీరును గుమాస్తా ఏ గడిలో రాయాలో తెలియక కలం పట్టుకుని ఉండిపోయాడు. పత్రంలో చెక్కకు గడి ఉంది, మేకులకు గడి ఉంది. తీరుకు లేదు. చిత్రభాను గారు కుర్చీ లోంచి లేచి, తనను నమ్మించి మోసం చేశారని, ఇది అసలు కాదు నకిలీ అని, తన పేరు ఈ వస్తువు పక్కన ఎక్కడా కనబడరాదని చెప్పి చాప మీద నడిచి వెళ్లిపోయారు. బందయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లు చేత్తో చేసుకున్నదాన్ని నలుగురిలో నకిలీ అంటే ఎవరికైనా తిరుగుతాయి. అతను నోరు తెరిచి ఏదో అనబోయాడు. కాసులు అతని కాలి మీద కాలేసి గట్టిగా తొక్కింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నకిలీ వస్తువు కళాప్రాంగణంలో ఉండటం ప్రభుత్వానికి అప్రతిష్ఠ కాబట్టి పరాంకుశం గారు ఆ ఉత్తర్వును స్వయంగా తెచ్చి బిగ్గరగా చదివారు.

"సదరు నకిలీ నావను దాని యజమాని ఇరవైనాలుగు గంటలలోగా సముద్రమున పారవేయవలెను. సదరు వస్తువు ఏ కారణము చేతనైనను తీరమునకు తిరిగి వచ్చినచో, వచ్చిన ప్రతి పర్యాయమూ మరల పారవేయవలెను. ఇందుకు యజమానియే బాధ్యుడు."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. చూసుకుంటే నవ్వు ఆగదు. ఒంటికాలి దాలయ్య మొహం కొంగులో దాచుకోవడానికి తనకు కొంగు లేదని పైడమ్మ కొంగు అడిగాడు. బందయ్య మాత్రం చేతులు కట్టుకుని, అలాగే బావూ, మీ ఆజ్ఞ అన్నాడు.

అప్పలకొండే ఎర్రతాడు విప్పాడు. ప్రభుత్వం వారి ట్రాక్టరుతో టార్పాలిన్ గోడను పక్కకు లాగించి, హోంగార్డులిద్దరూ చెరోపక్క పట్టి, నావను మొగలోకి తోశారు. పడేసినట్టు రుజువు కోసం వీడియో కూడా తీశారు. నావ మొదటి రోజు సగం మునిగింది. అది చూసి పరాంకుశం గారు తృప్తిగా వెళ్లిపోయారు. బందయ్య రెండు పలకలు మార్చాడు, సందులకు నార కూరాడు. మిగతాది నీళ్లు చూసుకున్నాయి. మూడు రోజులు తాగి తాగి నావ మళ్లీ బిగిసింది.

జూన్ పదిహేను ఉదయం పద్దెనిమిది ఇళ్లవాళ్లూ తాడు దగ్గర నిలబడ్డారు. కాసులు నావ మూతికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. పది గంటలకు వల ఒడ్డుకు వచ్చింది. కవళ్లు, కానాగంతలు ఇసుక మీద వెండిగుట్టలా పడి ఎగిరాయి. పైడమ్మ అత్తకు రెండు తట్టలు వచ్చాయి.

ఆ మధ్యాహ్నం బందయ్య తల దువ్వుకుని, చొక్కా తొడుక్కుని పరాంకుశం గారి ఆఫీసుకు వెళ్లాడు. ఉత్తర్వు ప్రకారం యజమాని తానే బాధ్యుడు కదా. ఆయన బల్ల ముందు నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు:

"పొద్దున్నే పారేసినాం బావూ. ఏటి సేత్తాం, పది గంటలకల్లా తిరిగొచ్చేసింది. రేపు తెల్లారగానే మళ్లీ పారేత్తాం."

పరాంకుశం గారు ఫైలు తెరిచి తేదీ వేసి, ఉత్తర్వు అమలు సంతృప్తికరము అని రాసుకున్నారు. రేపు కూడా వచ్చి తెలియజేయవలెనని చెప్పారు.

గరికిన పారమ్మ, వయసు అరవై తొమ్మిది, ప్రస్తుతం భీమునిపట్నంలో చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటున్నాను.